సగం గోళీ

ఏ తల్లినైనా అడగండి, పిల్ల కాస్త ఒళ్ళు చేసిందంటే సంబరపడి ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది. కూతురు బరువు పెరిగిందంటే గుండె గుభేలుమనే తల్లి కొత్వాల్‌గూడ మొత్తానికి ఒక్కతే ఉంది. పేరు భాగ్యలక్ష్మి. పేరులో భాగ్యమూ ఉంది, లక్ష్మీ ఉంది, ఇంట్లోనే రెండూ లేవని తన మీద తనే నవ్వుకునేది, నవ్వే ఓపిక ఉన్న రోజుల్లో. ఈమధ్య ఆ ఓపిక కూడా అయిపోయింది.

ఇరవై రోజులకోసారి ఆమె తొమ్మిదేళ్ళ కూతురు అనుపమను మలక్‌పేట వైపున్న రక్తకేంద్రానికి తీసుకుపోతుంది. అక్కడ సూది కంటే ముందు పిల్లను బరువు మిషను ఎక్కిస్తారు. అంకె కదులుతున్నంతసేపూ భాగ్యలక్ష్మి ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. పిల్ల తాగే మందు బరువును బట్టి ఉంటుంది మరి. రెండు కిలోలు పెరిగితే గోళీ పెరుగుతుంది. పిల్లలు పెరగక మానరు, పెరగొద్దని ఏ తల్లీ మొక్కుకోలేదు.

పిల్లకున్నది తలసేమియా. ఒంట్లో పుట్టిన రక్తం నిలవదు. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన రక్తం ఎక్కిస్తే రెండు వారాలు చెంగుచెంగున తిరుగుతుంది, మూడో వారానికి మొహం పాలిపోయి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. రక్తానికి అక్కడ పైసా తీసుకోరు. అసలు కష్టం ఆ రక్తం వెంట వచ్చే ఇనుముతో. ఎక్కించిన ప్రతి సంచీ కొంచెం ఇనుమును ఒంట్లో వదిలిపోతుంది. అది కాలేయంలోనూ గుండెలోనూ పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ పొద్దున పరగడుపున గోళీని నీళ్ళలో కరిగించి తాగించాలి. ఎన్నాళ్ళు అని మొదట్లో అడిగారు. ఎప్పటికీ అని చెప్పారు.

ఆ గోళీలు మొన్నటిదాకా సర్కారు దవాఖానలో ఊరికే దొరికేవి. వానాకాలం మొదట్లో స్టాకు లేదన్నారు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వచ్చే వారం నాలుగు నెలలైనా రాలేదు. బయట కొంటే భాగ్యలక్ష్మి జీతంలో సగానికి పైగా వాటికే పోతుంది. ఆమె విమానాశ్రయం లోపల బాత్రూములు శుభ్రం చేసే కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున ఐదున్నరకు శంషాబాద్ చౌరస్తాలో బస్సెక్కితే అద్దాలు తుడవడం, నేల తుడవడం, తలుపు వెనక వేలాడే కాగితం మీద గంటగంటకూ సంతకం పెట్టడం. భర్త జగన్ అదే విమానాశ్రయంలో టాక్సీ నడుపుతాడు. నడపడం తక్కువ, పార్కింగులో వంతు కోసం కాచుకోవడం ఎక్కువ. ఇద్దరి పనీ ఒక్కచోటే అయినా మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకుని వారాలవుతుంది.

మొదటి నెల ఎలాగో మొత్తం కొన్నది. రెండో నెల డబ్బా ఆరు రోజుల ముందే అడుగంటేట్టు కనబడింది. ఇవ్వాల్సింది రోజుకు ఒకటిన్నర. ఒకరోజు పొద్దున చేతిలో చాకు పట్టుకుని ఆ సగం గోళీ వంక చాలాసేపు చూసింది. తరవాత దాన్ని మళ్ళీ డబ్బాలో వేసి ఒక్క గోళీ మాత్రం కరిగించింది. స్టాకు రాగానే మొత్తం వేద్దాం, నాలుగు రోజులకు ఏమవుతుందిలే అనుకుంది. నాలుగు రోజులు నెలయ్యాయి, నెల మూడు నెలలయింది. నెలాఖరు రోజుల్లో ఆ ఒక్క గోళీ కూడా సగమయ్యేది. గ్లాసులో నీళ్ళు తెల్లగానే ఉండేవి, పిల్ల మొహం ముడుచుకుని తాగేది, జగన్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు.

కేంద్రంలో వాళ్ళ పక్క మంచం మీద బిందు అనే అమ్మాయి రక్తం ఎక్కించుకునేది. రావిర్యాల నుంచి వచ్చేవాళ్ళు, సొంతూరు గుంటూరు దగ్గర. అమ్మాయికి పద్నాలుగేళ్ళు. సూది లేని చేత్తో అనుపమ అరచేతి మీద పెన్నుతో గోరింటాకు పువ్వులు వేసేది. వాళ్ళమ్మకు ఒక అలవాటుంది. మందు డబ్బా కొన్నరోజే ఊదారంగు స్కెచ్ పెన్నుతో దాని మీద బిందు పేరు రాస్తుంది, తెరిచిన రోజు పేరు కింద తేదీ వేస్తుంది. “మీరూ తేదీ రాసి పెట్టుకోండి భాగ్యలక్ష్మిగారూ, లేకపోతే ఎన్ని వేశామో మనకే గుర్తుండదు” అని చెప్పింది ఒకసారి. తేదీలు రాస్తే తన దొంగలెక్క తనకే కనబడుతుందని భాగ్యలక్ష్మి రాయలేదు. ఈమధ్య రెండు నెలలుగా ఆ తల్లీకూతుళ్ళు కనబడటం లేదు. వాళ్ళ రోజు మారి ఉంటుందనుకుంది.

మూడు నెలలకోసారి ఇనుము పరీక్ష చేస్తారు. దసరా సెలవులు అయిపోయాక వెళ్ళినప్పుడు డాక్టర్ వసుంధర ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. పోయినసారి రెండు వేల పైచిలుకు ఉన్న అంకె ఇప్పుడు నాలుగు వేలు దాటింది. డాక్టరమ్మ ఇరవై ఏళ్ళుగా ఇలాంటి పిల్లల్నే చూస్తున్న మనిషి. గొంతు పెంచదు, కానీ అడిగింది మాత్రం సూటిగా అడుగుతుంది.

“మందు రోజూ మొత్తం పడుతోందా అమ్మా?”

“పడుతున్నది మేడమ్” అంది భాగ్యలక్ష్మి. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట. అబద్ధం ఆడాలని కూడా అనుకోలేదు, అలసటలో నోరు ఏది సులువైతే అది చెప్పేసింది.

డాక్టరమ్మ నమ్మింది. నమ్మడమే కొంప ముంచింది. మొత్తం మందు పడుతున్నా ఇనుము పెరుగుతోందంటే ఈ మందు పిల్లకు పనిచేయడం లేదని అర్థమని నిదానంగా వివరించింది. ఇక పంపు పెట్టాల్సి రావచ్చు. అరచేతంత మిషను, దానికో సన్నటి గొట్టం, చివర సూది. రోజూ సాయంత్రం పిల్ల పొట్ట మీద చర్మం కింద ఆ సూది గుచ్చి, తెల్లారేదాకా మందు ఎక్కిస్తూనే ఉండాలి. వారానికి ఐదారు రోజులు. ఖర్చు ఇప్పటికి రెండింతలు. వచ్చేసారి భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలని, అప్పుడు నిర్ణయం తీసుకుందామని చెప్పింది. భాగ్యలక్ష్మి తల ఊపి బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. నిజం చెబుదామని ఒకసారి లేచింది కూడా. లోపలికి ఇంకో తల్లి వెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది.

ఇంట్లో ఇంకో మనిషి గురించి చెప్పాలి. జగన్ తల్లి లింగమ్మ. భాగ్యలక్ష్మికి అత్త కావడం పెళ్ళితో వచ్చింది కాదు, ఆమె సొంత మేనత్త. తమ్ముడి కూతుర్ని తప్ప ఇంకెవర్నీ కోడలిగా తెచ్చుకోనని భీష్మించి మేనరికం చేసింది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ జబ్బు సగం సగం దాగి ఉంటేనే పిల్లకు మొత్తం వస్తుందని, ఒకే నెత్తురు కాబట్టి ఇద్దరికీ వచ్చిందని, అనుపమ ఏడాది పిల్లగా ఉన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చే దారిలోనే మొగుడూ పెళ్ళాం అనుకున్నారు, ఈ మాట అమ్మ చెవిన పడకూడదని. పడితే ముసలిది బతకదు. అందుకని పిల్లకు రక్తం తక్కువ అని మాత్రం చెప్పారు. ఎనిమిదేళ్ళుగా ఆమెకు తెలిసింది అంతే.

రక్తం తక్కువైన పిల్లకు ఏం పెట్టాలో కొత్వాల్‌గూడలో ఏ ముసలమ్మకైనా తెలుసు. తోటకూర, బెల్లం, ఆదివారం పూట మేక కార్జం. అవేవీ పెట్టొద్దని కోడలు అంటుంది. పైగా తిన్నాక పిల్లకు పాలు లేని చాయ్ ఇస్తుంది, చాయ్ ఇనుమును ఒంటబట్టనివ్వదని డాక్టర్ చెప్పిందట. చాయ్ తాగితే రక్తం విరుగుతుందని పుట్టినప్పట్నుంచీ విన్న మనిషి లింగమ్మ. రక్తం లేని పిల్లకు కార్జం వద్దని చాయ్ పొయ్యమనే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా అని ఇరుగుపొరుగుతో అనేది. కోడలు పిసినారితనానికి డాక్టరు పేరు పెడుతోందని కూడా ఆమెకు లోపల ఒక అనుమానం ఉంది.

పరీక్ష కాగితం వచ్చిన మూడో రోజు భాగ్యలక్ష్మికి వారాంతపు సెలవు. బట్టలు నానబెట్టింది. అత్త చీర కొంగున ముడి ఉన్నట్టు చూసుకోకుండా బకెట్లో వేసింది. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. కొంగు తీసి ముడి విప్పితే రెండు ఎర్ర గోళీలు, పైరంగు కరిగి, వేళ్ళకు అంటుకున్నాయి. బాలింతలకూ గర్భిణులకూ ఆశా కార్యకర్తలు పంచే గోళీలు అవి. ఆమె కూడా అనుపమ కడుపులో ఉన్నప్పుడు మింగింది. రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము గోళీలు.

గుమ్మంలో కూర్చున్న పిల్లను పిలిచి అడిగింది. నానమ్మ రోజూ బడి నుంచి రాగానే ఒకటి ఇస్తుందని, బెల్లం ముక్కలో పెట్టి ఇస్తుందని, అమ్మకు చెప్పొద్దందని పిల్ల చెప్పింది. ఎప్పటినుంచి అంటే వినాయక చవితి అయినప్పటినుంచి అంది. ఆశా కార్యకర్త జంగమ్మ దగ్గర తనకే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి లింగమ్మ తీసుకుంటోందట.

సిగ్గు విడిచి చెప్పాలంటే, భాగ్యలక్ష్మికి ముందు వచ్చింది కోపం కాదు, సంతోషం. మూడు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ ఒక్కసారిగా దొర్లిపోయినట్టయింది. ఇనుము పెరిగింది తన వల్ల కాదు. ఈ ఎర్ర గోళీల వల్ల. కోపం ఆ వెనక వచ్చింది, వచ్చాక మాత్రం గట్టిగానే వచ్చింది.

జగన్ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. ఆమె కంచం పెట్టి, కంచం అంచున ఆ రెండు గోళీలు పెట్టి, సంగతి చెప్పింది. జగన్ మామూలుగా గొంతెత్తే మనిషి కాదు, ప్రయాణికులు తిట్టినా సార్ సార్ అంటూ పోయేవాడు. పంపు సంగతి విన్నప్పటినుంచీ అతనికీ నిద్ర లేదు. అన్నం ముందు నుంచి లేచి తల్లిని పిలిచాడు.

లింగమ్మ తప్పు చేసినదానిలా రాలేదు. రక్తం లేని పిల్లకు రక్తం గోళీ ఇస్తే తప్పేందని అడిగింది. మీరు చాయ్ తాపి చంపుతుంటే నేను బతికించుకుంటున్నానంది. అప్పుడు జగన్ ఎనిమిదేళ్ళుగా దాచిన మాట నోరు జారాడు.

“రక్తం తక్కువ గాదే అమ్మా. పిల్ల ఒంట్ల ఇనుము ఎక్కువై సస్తున్నది. నీ తమ్ముని బిడ్డనే చెయ్యాల్నని పట్టు పట్టినవ్ గద. నాల సగం ఉండె, దీనిల సగం ఉండె. రెండు కలిసి దాని నెత్తిన పడ్డయ్. ఇగ పైనుంచి నువ్వు గిట్ల పెట్టవడితివి.”

అన్నాక అతనికే భయమేసింది. లింగమ్మ కొడుకు వంక, కోడలి వంక చూసింది.  లోపలికి వెళ్ళి మంచం కోడు పట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చుంది. ఇంటి మీదుగా విమానం ఒకటి గోడలు అదిరేట్టు దిగుతుంటే, రోజూ విసుక్కునే మనిషి ఆ రోజు తలెత్తలేదు.

ఆ మర్నాటి నుంచి లింగమ్మ పిల్లకు ముద్ద పెట్టడం మానేసింది. తొమ్మిదేళ్ళదైనా అనుపమ ఒక పూట నానమ్మ చేతి ముద్దలే తింటుంది. ఇప్పుడు కంచం తెచ్చి పిల్ల ముందు పెట్టి దూరంగా జరుగుతోంది. నీళ్ళు కూడా చేతికివ్వదు, చెంబు పక్కన పెట్టి పోతుంది. ఎందుకు పెట్టవని పిల్ల కొంగు పట్టుకుని అడిగితే, “నా చెయ్యి మంచిది గాదు బిడ్డా, నువ్వే తిను” అంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న భాగ్యలక్ష్మికి ఆ మాట స్పష్టంగా వినబడింది.

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. తప్పులో సగం తనదని ఆమెకు తెలుసు. బహుశా సగం కంటే ఎక్కువే. కానీ అత్త మీద పడిన నింద అక్కడే ఉంటే తన మెడ మీదికి రాదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందన్న సామెత లింగమ్మ విషయంలో నిజమైంది, ఆ పాపంలో తన వాటా కూడా కలిపి ముసలిదాని నెత్తినే పెట్టింది భాగ్యలక్ష్మి. అద్దాలు తుడుస్తూ రోజంతా తన మొహం తనే చూసుకోవాల్సిన ఉద్యోగం ఆమెది. ఆ పదిహేడు రోజులూ గుడ్డ మీదే చూపు పెట్టి తుడిచింది. మందు మాత్రం పదిరోజులు పూర్తిగా ఒకటిన్నర వేసింది. పదకొండో రోజు డబ్బాలోకి తొంగిచూసి మళ్ళీ ఒకటికి దిగింది. పశ్చాత్తాపానికి కూడా పైసలు కావాలి.

వెళ్ళే రోజు జగన్ తన కారే తీశాడు. లింగమ్మ తానూ వస్తానంది. వద్దన్నా వినలేదు, పిల్ల పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది.

కేంద్రంలో అనుపమ మిషను ఎక్కింది. ఇరవై ఆరు. నర్సు ఆ అంకె రాసి, పిల్లను మంచం దగ్గరికి తీసుకుపోయింది. మిగిలిన ముగ్గురూ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు. బల్ల మీద పంపు పెట్టి ఉంది, చూపించడానికి. దాని పక్కన చిన్న కవరులో సూది. డాక్టరమ్మ నోరు తెరిచేలోపే లింగమ్మ కొంగు ముడి విప్పి మిగిలిన ఎర్ర గోళీల పట్టీలన్నీ బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ జోడించింది.

“నేనే తల్లీ. నా చేతులతోనే పిల్లకు ఇనుము పెట్టిన. వీళ్ళ తప్పేం లేదు. ఏం రాసుకున్నా నా పేరు మీద రాయి.”

డాక్టరమ్మ పట్టీలు చేతిలోకి తీసుకుని వెనక రాసింది చదివింది. ఎప్పటినుంచి ఇస్తున్నారో, రోజుకు ఎన్నో అడిగి రాసుకుంది. ఇవి వెంటనే ఆపాలని, మంచి చేయబోయి ఇలా చేసేవాళ్ళు చాలామంది ఉంటారని, అసలు సంగతి ఇంటి పెద్దలకు చెప్పకపోవడం వీళ్ళిద్దరి తప్పని అంది. లింగమ్మ వినడం లేదు, చేతులు జోడించే ఉంది.

“కానీ పెద్దమ్మగారూ, ఈ గోళీలు ఒక్కటే ఇంత పెంచవు. మందు మొత్తం పడుతుంటే ఇందులో చాలా భాగం అదే లాగేసేది. అంకె ఇంతలా పెరిగిందంటే మందు పనిచేయడం లేదనే నా లెక్క. పంపు తప్పదు.” జగన్ వైపు కాగితం జరిపింది. “మీరిక్కడ సంతకం పెట్టాలి.”

జగన్ జేబులోంచి పెన్ను తీశాడు. గది తలుపు సగం తెరిచి ఉంది. అందులోంచి మంచం మీద అనుపమ కనబడుతోంది, ఒక చేతికి ఎర్ర గొట్టం, రెండో చేత్తో పక్క మంచం దుప్పటి సరిచేస్తోంది. ఆ పక్క మంచం ఖాళీగా ఉంది. అత్త జోడించిన చేతులు దించలేదు. ఇప్పుడు కూడా ఊరుకుంటే సాయంత్రానికి ఆ సూది ఆ పిల్ల పొట్టలో ఉంటుంది.

“ఆగు బావా” అంది భాగ్యలక్ష్మి.  “మందు పనిచేస్తలేదని గాదు మేడమ్. నేను ఎయ్యలె. ఒకటిన్నర ఎయ్యాల్సిన కాడ మూడు నెలల సంది ఒక్కటే ఏస్తున్న. నెలాఖరుకు సగమే.”

 జగన్ పెన్ను మూత పెట్టేశాడు. లింగమ్మ కోడలి వైపు తిరగలేదు. జోడించిన చేతులు మాత్రం మెల్లగా ఒళ్ళోకి దిగాయి.

“పోయినసారి నేను అడిగాను కదమ్మా. ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమైతది మేడమ్? గోళీ అగ్గువైతదా?”

ధిక్కారంగా అన్నది కాదు. నిజంగానే అడిగింది. డాక్టరమ్మ కూడా దానికి కోపగించుకోలేదు. సంతకం కాగితాన్ని వెనక్కి లాక్కుని రెండు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

“చవకవ్వదు. కానీ మీరు చెప్పని సగం గోళీకి నేను పిల్ల పొట్టలో సూది రాయబోయాను.”

భాగ్యలక్ష్మి ఏడ్చింది. ఏడవడానికి కూడా నడుం వంగింది, నిలబడి ఏడ్చే సత్తువ లేదు. డాక్టరమ్మ ఆగింది. తరవాత చెప్పింది: పంపు ఇప్పుడే అక్కర్లేదు, ఎర్ర గోళీలు ఆపి, ఈ మందే పూర్తిగా వేసి మూడు నెలలు చూద్దాం. పిల్ల ఇరవై ఆరు కిలోలుంది కాబట్టి ఇక రోజుకు రెండు. ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఒక ట్రస్టుకు దరఖాస్తు రాసిస్తుంది, వస్తే సగం ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారు, రావడానికి రెండు నెలలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. కొనలేకపోతున్నామని ఇక్కడ నోరు తెరిచి చెప్పే తల్లులు తక్కువని, చెప్పినవాళ్ళకు ఏదో ఒకటి వెతుకుతామని అంది.

లేచి గోడ దగ్గర ఇనుప బీరువా తెరిచింది. అందులో ఎవరెవరో ఇచ్చిపోయిన మందుల డబ్బాలున్నాయి. రెండు తీసి బల్ల మీద పెట్టింది, పదిహేను రోజులకు వస్తాయి. భాగ్యలక్ష్మి చేయి చాచి, సగంలో ఆగింది. డబ్బాల మీద ఊదారంగు స్కెచ్ పెన్నుతో బిందు అని రాసి ఉంది. గుండ్రటి, ఓపికైన అక్షరాలు. పేరు కింద తేదీ లేదు.

ఆమె తలెత్తి డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ బీరువా తాళం వేస్తోంది.

“వాళ్ళమ్మగారే వచ్చి ఇచ్చి వెళ్ళారు. పోయిన నెల” అంది, వెనక్కి తిరగకుండానే. “గుండె తట్టుకోలేదు.”

భాగ్యలక్ష్మి డబ్బాలు తీసుకుని సంచీలో అన్నిటికంటే అడుగున పెట్టింది. ఆ పిల్ల గుండెలో ఏం పేరుకుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బాల మీద పేర్లు రాసుకుని, తేదీలు వేసుకుని, ఒక్క గోళీ తప్పకుండా వేసిన తల్లికే అలా జరిగింది. తను చాకుతో సగం కోసింది.

తిరుగు దారిలో ఆరాంఘర్ దాటాక జగన్ అద్దంలోంచి చూస్తూ, నాకన్నా చెప్పాల్సింది అన్నాడు. చెప్తే నువ్వు పడుకునే ఆ నాలుగు గంటలు కూడా బండి నడుపుతావని చెప్పలేదని ఆమె అంది.  వెనక సీట్లో అనుపమ సంచీ తడిమి డబ్బా బయటికి తీసింది.

“అమ్మా, గిది బిందు అక్క డబ్బా గద?”

“ఔ బిడ్డా. నీకిమ్మన్నదంట.”

“మరి అక్కకో?”

 ముందు సీట్లోంచి లింగమ్మ వెనక్కి తిరిగి, అక్కకు ఇగ గోళీలు అవసరం లేవంది. పిల్లకు అది బాగానే వినబడింది, సంతోషపడి డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది. లింగమ్మ ముందుకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంటికి చేరేదాకా, చేరాక కూడా, కోడలితో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని భాగ్యలక్ష్మికి అనిపించింది. పదిహేడు రోజులు తన తప్పు మోసిన మనిషి తిట్టకపోతే ఆ బరువు ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున బస్సుకు అరగంట ముందు భాగ్యలక్ష్మి పిల్లను లేపి కూర్చోబెట్టింది. బిందు డబ్బా తీసుకుంది. పిల్ల బడి సంచీలోంచి పెన్ను తెచ్చి, పేరు కింద ఆ రోజు తేదీ వేసింది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోస్తుంటే పక్కన అలికిడైంది. లింగమ్మ వచ్చి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. కళ్ళు గ్లాసు మీదే ఉన్నాయి.

భాగ్యలక్ష్మి ఒక గోళీ వేసింది.

“ఒకటి” అంది లింగమ్మ.

రెండోది వేసింది.

“రెండు.”

గోళీలు కరిగేదాకా చెంచాతో కలిపింది. భాగ్యలక్ష్మి తల వంచుకునే, అత్తా, అంది.  లింగమ్మ ఇంకేం చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“రేపటి సంది నా ముంగట కలుపు” అంది. “నేను నీ ముంగట వండుత.”

“సరే అత్తా.”

లింగమ్మ గ్లాసు అందుకుంది. పదిహేడు రోజుల తరవాత మొదటిసారి పిల్ల గడ్డం కింద ఎడమచేయి పెట్టి, కుడిచేత్తో గ్లాసు నోటికి ఆనించింది. అనుపమ మొహం ముడుచుకుని గుటకలు వేసింది. గ్లాసు ఖాళీ అయిందనుకుని భాగ్యలక్ష్మి తీసుకోబోతే ముసలిది ఇవ్వలేదు. అడుగున తెల్లటి పొడి కాస్త అంటుకుని ఉంది. చెంబులోంచి రెండు గుక్కల నీళ్ళు పోసి, వేలితో చుట్టూ కడిగి, ఆ నీళ్ళు కూడా పిల్ల చేత తాగించింది.